నెమ్మది మొక్క

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నూకరత్నం ఏనాడూ మేలెంచేదాకా పోలేదు. కీడు ఎంచుకునేసరికే ఆమెకు పొద్దెక్కిపోయేది.

రోజూ పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు, ఆ రోజు ఇంటి మీదికి రాగల చెడునంతా పెదాలతో చెప్పుకునేది. మొగుడు వీర్రాజు మొక్కలకు అంటు కడుతుంటే చాకు జారి నరం తెగొచ్చు. మోటారు స్విచ్చులో కరెంటు కొట్టొచ్చు. కుండీల సందున పాముండొచ్చు. కూతురు లోవకుమారికి గొంతులో రేగిపండు గింజ అడ్డం పడొచ్చు, కుక్క కరవొచ్చు. తలుచుకున్న కీడు గుమ్మంలోంచే తిరిగిపోతుందనీ, మరిచిపోయిన కీడే వెతుక్కుంటూ లోపలికి వస్తుందనీ ఆమె నమ్మకం. ఆమె చదివిన ఏడో తరగతి పుస్తకాల్లో ఈ పాఠం లేదు. లోవ కడుపున పడ్డాక తనంతట తానే నేర్చుకుంది.

వీర్రాజు ఆ పెదాల కదలిక చూసి నవ్వేవాడు. "నా వంతు భయం కూడా నువ్వే పడిపోతన్నావు గదే రత్నం. ఇంక నాకేం పని, హాయిగా తిని తొంగుంటాను" అనేవాడు.

వాళ్లది గౌరమ్మలంక. గోదావరి కాలువ గట్టు వెంట నర్సరీలతో బతికే ఊరు. ఏ వాకిట్లో చూసినా నేల కనబడదు, నల్ల సంచుల్లో మొక్కలే కనబడతాయి. అక్కడి జనానికి ఒక గుణముంది. పెళ్లికి వెళ్లినా చావుకు వెళ్లినా, కొత్త మొక్క కంటబడిందంటే చటుక్కున ఓ కొమ్మ తుంచి కొంగున దాచుకోవాల్సిందే. అడిగి తెచ్చిన కొమ్మ వాడిపోతుందనీ, దొంగిలించిన కొమ్మే వేరు పోసుకుంటుందనీ అక్కడ అందరూ అనుకునే మాట. ఆ దొంగతనాన్ని ఎవరూ తప్పు పట్టరు. పోగొట్టుకున్నవాడు కూడా మర్నాడు ఇంకొకరి పెరట్లో తుంచుకొస్తాడు.

ఒకరోజు పాలు ముందే పొంగిపోయాయి. నూకరత్నం ఎంచడం సగంలో ఆగింది. బడికి వెళ్లే ఆటో సంగతి తలుచుకోవడం మిగిలిపోయింది. ఆ రోజే ఆటో కాలువలో పడింది.

లోవను జుట్టు పట్టుకుని పైకి లాగారు. బతికింది. ఆటోలో ఉన్న మిగతా పిల్లల్లో కొందరు బతకలేదు. అప్పట్నుంచీ లోవ నోట మాట లేదు. గ్లాసులో నీళ్లు చూస్తే దవడలు బిగుసుకుపోయేవి. కళ్లకు గుడ్డ కట్టి, దూది తడిపి నోట్లో పిండేవారు. స్నానమంటే ఇల్లంతా యుద్ధమే. చుట్టూ నీళ్లున్న ఊళ్లో ఆ పిల్ల ఎండిన కాడలా అయిపోయింది. ఆసుపత్రులు తిరిగారు, తాయెత్తులు కట్టించారు, తలుపులమ్మ లోవ గుడికి మొక్కుకున్నారు. నూకరత్నం మాత్రం పిల్ల మణికట్టు వదిలేది కాదు. వంట చేస్తున్నా ఓ చేత్తోనే చేసేది.

అలాంటి రోజుల్లో నర్సరీ రైతుల హాల్లో ఒక ఉపన్యాసం పెట్టారు. మాట్లాడినాయన డాక్టర్ పరాంకుశం. తోటల చదువు చదివినవాడు. రాజమండ్రి వెళ్లే దారిలో స్వస్థవనం అనే తోట వేసి, మనసు చెదిరినవాళ్ల చేతా, పక్షవాతం వచ్చినవాళ్ల చేతా మట్టి పిసికించి, విత్తులు నాటించి, మనుషుల్ని చేస్తాడని పేరు. ఆయన పువ్వు పుట్టకముందు నుంచీ ఉన్న మొక్కల గురించి చెప్పాడు. మనం అందానికి కుండీల్లో పెంచుకునే ఫెర్నులు రాక్షసబల్లులకు తాతలన్నాడు. గోదావరి ఎగువన బొగ్గుగనిలో, పొరకీ పొరకీ మధ్య బంకమట్టి ముద్దలో, నస్యంపొడి లాంటి బీజాలు దొరికాయట. వాటిని తన ప్రయోగశాలలో గాజుసీసాల్లో పెట్టి ఏళ్ల తరబడి బుజ్జగిస్తే ఒక్కటంటే ఒక్కటి మొలిచిందట. అలా చెబుతూ చెబుతూ బల్ల మీది గాజుపెట్టె పైన ఉన్న గుడ్డ తీశాడు.

రాగిరంగు చిగుళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఆకులు ఆవు నాలుకల్లా మందంగా ఉన్నాయి. మొక్క మొదట్లో ఒక పిల్లీ, దాని పొట్టకు ఆనుకుని ఒక ఎలుకా పడుకుని ఉన్నాయి. రెండూ మేలుకునే ఉన్నాయి. దీని గాలి సోకితే దిగులు వదిలిపోతుందని డాక్టర్ అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నూకరత్నం కొట్టలేదు. పిల్లిని చూసి ఎలుక పరిగెత్తకపోవడం ఏం నెమ్మదో ఆమెకు బోధపడలేదు.

డాక్టర్ పెట్టె మూత కొంచెం ఎత్తాడు. ముందు వరసదాకా ఒక వాసన వచ్చింది. తడిసిన బొగ్గు వాసన, దాని వెనకాల పసిపిల్ల నడినెత్తి వాసన. ఒళ్లో కూర్చున్న లోవ బిగదీసుకున్న భుజాలు కిందికి దించింది.

"అమ్మా, దాహం" అంది.

ఎవరో చెంబు అందించారు. లోవ రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. గడ్డం మీంచి కారిన నీళ్లు గౌనంతా తడిపాయి. నూకరత్నం అంతమంది మధ్యలో డాక్టర్ కాళ్ల మీద పడింది.

ఆ తర్వాత వారానికోసారి స్వస్థవనానికి తీసుకెళ్లేది. అక్కడ అద్దాల గదిలో, ఫ్యాన్ల కింద, మొక్క పక్కన లోవను కాసేపు కూర్చోబెట్టేవారు. పిల్ల నవ్వుతూ వచ్చేది. రెండ్రోజులు బాగుండేది. మళ్లీ మెల్లగా వణుకు మొదలయ్యేది. ఒక పిలక ఇవ్వమని నూకరత్నం బతిమాలింది. డాక్టర్ ఒప్పుకోలేదు. దాన్ని మందనుకోవాలమ్మా, మందుకు మోతాదుంటుంది, మోతాదు దాటితే ఏమవుతుందో నాకూ ఇంకా తెలీదు అన్నాడు. ఆ మాట ఆమె విన్నది. వినీ, ఒకనాడు ఆయన వెనక్కి తిరిగినప్పుడు, మట్టిలోంచి వేలెడంత పిలక గిల్లి కొంగున చుట్టేసుకుంది. అన్నిటికీ భయపడే మనిషికి ఆ ఒక్క దానికి భయం వేయలేదు. వేయకపోవడానికి ఆమె నిలబడిన చోటే కారణమని అప్పుడు తోచలేదు.

దొంగిలించిన కొమ్మ కదా, వారం తిరక్కుండా వేరు పోసుకుంది. వీర్రాజు కాలువ ఒండ్రూ, వేపపిండీ, చేపల బజారు చెత్తా కలిపి వేశాడు. అద్దాల గదిలో మూరెడున్న మొక్క ఇక్కడ నడుము దాకా లేచింది. నర్సరీ వాడి కంటికి మొక్క ఎప్పుడూ ఒక్కటిగా కనబడదు, వెయ్యిగానే కనబడుతుంది. అతను పిలకలు విడదీసి సంచుల్లో పెట్టాడు. వాటిని వీధివాళ్లు చూశారు. ఎవరూ అడగలేదు. అందరూ దొంగిలించారు. వర్షాలు పడేనాటికి వీధిలో ప్రతి వాకిట్లోనూ రాగి చిగుళ్లు చుట్టలు విప్పాయి. ఊరివాళ్లు దానికి నెమ్మది మొక్క అని పేరు పెట్టారు.

ఎంత బాగుండేదో ఆ రోజుల్లో. కుళాయి దగ్గర కొట్లాటలు లేవు. తాగి అరిచేవాడు అరవడం మానేశాడు. లోవ తనంతట తాను తలంటుకుంది. ఒక పొద్దున నూకరత్నం పాలు దించి, గ్లాసుల్లో పోసి, అందరికీ ఇచ్చాక, ఈవేళ కీడు ఎంచలేదని గుర్తొచ్చింది. నిన్నా ఎంచలేదు. ఎప్పుడు మానేసిందో కూడా తెలీదు. వీర్రాజుకు చెబితే ఇద్దరూ పడీపడీ నవ్వారు.

పక్కింటి మంగాయమ్మను నూకరత్నం అత్తా అని పిలిచేది. ఆవిడ చనిపోయిన తీరు ఇది. పెరట్లో కుండీ జరుపుతుంటే తాచుపాము కనబడింది. ఆవిడ దాన్ని పొట్లకాయను తీసినట్టు తీసి పక్కన పెట్టబోయింది. అది కరిచింది. "కరిచిందే రత్నం" అని గోడ మీంచి చెయ్యి చాచి చూపించి, కడుక్కుని, నెమ్మది మొక్క పక్కన కూర్చుంది. నూకరత్నం కూడా "అయ్యో, అలాగా అత్తా" అని తన పని తాను చేసుకుంది. మధ్యాహ్నానికి ఆవిడ తల ఒరిగిపోయింది. శవం చుట్టూ వీధంతా కూర్చుంది. ఒక్క ఏడుపు లేదు. కూతుళ్లు కూడా చీర బాగుందా, నలిగిందా అని చూసుకున్నారు. పిండం పెడితే కాకులు వచ్చాయి గానీ, కుక్క దూకినా లేచి ఎగరలేదు. కుక్క ఒకదాన్ని నోట కరుచుకుపోయింది. మిగతావి తింటూనే ఉన్నాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మొక్కల సంచులు కొనడానికి నూకరత్నం ఒక్కర్తే రాజమండ్రి బస్సెక్కింది. లోవను ఇంట్లో వదిలేసింది. ఊరు దాటి, కాలువ వంతెన దాటి, జామతోటలు దాటేసరికి ఆమె గుండెలో ఏదో కలుక్కుమంది. ముందు మంగాయమ్మ అత్త గుర్తొచ్చింది. గోడ మీంచి చాచిన ఆవిడ చెయ్యి గుర్తొచ్చింది. బస్సులో అందరూ చూస్తుండగా నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తుండగానే రెండో దెబ్బ తగిలింది. తను లోవ చెయ్యి వదిలేసి వచ్చింది. కాలువ గట్టున. పిల్లకు నీళ్లంటే ఇప్పుడు భయం లేదు.

బస్సు ఆపించి దిగిపోయింది. వెనక్కి వెళ్లే బస్సు కోసం చూస్తే, అది స్వస్థవనం గేటు. గేటు పక్కన సిమెంటు బల్ల మీద డాక్టర్ పరాంకుశం కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కుండీ, కుండీలో మొక్క. ఏదో కాలేజీలో ఉపన్యాసముందట, కారు కోసం చూస్తున్నాడట. ఆమెను చూసి ఆప్యాయంగా నవ్వాడు. ఆయన కుడికాలికి చెప్పు లేదు. పాదం నల్లబడి ఉబ్బి ఉంది. దాని మీద చీమలు బారులు కట్టాయి.

నూకరత్నం దగ్గరకు రెండడుగులు వేసింది. గుండె దడ అప్పుడే సన్నబడుతోంది. గభాలున వెనక్కి జరిగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు అవతల నిలబడింది. అక్కడి నుంచే, పిలక దొంగిలించానండి, మా వీధంతా అదే పెరిగిందండి, మా వాళ్లకేమైందండి అని అడిగింది.

ఆయన కోప్పడలేదు. కుండీ కొంచెం వంచి మట్టి చేత్తో తప్పించి చూపించాడు. వేళ్లు దారపు పోగుల్లా ఉన్నాయి. ఆ పోగుల మధ్య, బుట్టలో అల్లినట్టు, చిన్న చిన్న ఎముకలున్నాయి. అద్దాల గదిలో ఎలుకలు మొక్క పక్కన పడుకుని మళ్లీ లేవలేదని, పక్కనే తిండి ఉన్నా తినలేదని చెప్పాడు. ఆ మొక్క పుట్టిన నాటి బురదలో దానికి బలం దొరికేది కాదు. ఏ జంతువునైనా తన దగ్గరకు వచ్చి పడుకునేలా చేసుకోవాలి. పువ్వు లేదు, తేనె లేదు. అందుకని భయం తీసేయడం నేర్చుకుంది.

"ఆకలి కూడా భయమే కదమ్మా. దాహమూ అంతే. అన్నీ తీసేస్తుంది. దానికి ఎవరి మీదా కోపమేం లేదు, అన్నం తింటోంది, అంతే."

"మరి జనానికి చెప్పరాండీ?"

"చెప్పాలి. ఇవాళ చెబుదామనే బయల్దేరుతాను. నిలబడ్డాక తొందరేముందిలే అనిపిస్తుంది." తన పాదం వైపు చూసుకున్నాడు. "కాలు తీసేయాలన్నారు. దానికీ అంతే. అంతా తెలుస్తోందమ్మా. భయం వేయడం లేదు."

"ఆ కుండీ అవతల పారేయండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

"నువ్వు పారేస్తావా? రా, తీసుకో" అని ఆయన కుండీ చాచాడు. ఎగతాళి కాదు, నిజంగానే ఇచ్చాడు. నూకరత్నం కాలు కదపలేకపోయింది. కారు వచ్చింది. ఆయన కుండీని పసిబిడ్డలా ఎత్తుకుని ఎక్కాడు.

గౌరమ్మలంక బస్సు కనబడినప్పుడు ఆమెకు అసలు సంగతి తట్టింది. వీధిలో అడుగు పెట్టగానే ఈ దడ పోతుంది. ఎందుకొచ్చిందో గుర్తున్నా, గుర్తుండి ప్రయోజనం ఉండదు. మంగాయమ్మ అత్తకూ పాము కరిచిన సంగతి గుర్తుంది. నూకరత్నం కొంగు చివర లాగి, లోవ, లోవ అనుకుంటూ, పళ్లతో బిగించి ముడి వేసింది. బజారు నుంచి ఉప్పు తేవాలన్నా, ఎవరి బిడ్డ బారసాలకో వెళ్లాలన్నా ఆమె కొంగున ముడేసుకునేది. పని అవకుండా ముడి విప్పడం ఆమె ఒంట్లో లేదు.

అనుకున్నట్టే అయింది. వీధి మొదట్లో ఆ వాసన తగలగానే ఛాతీ మీంచి బరువు ఎవరో దించినట్టయింది. ఎండ బాగుంది. వాకిళ్లలో మనుషులు మొక్కలకు ఆనుకుని కూర్చున్నారు, కొందరు ఆమెను చూసి నవ్వారు. కొందరి పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. రేవు మెట్ల మీద లోవ గౌను కనబడితే, దాన్ని మడిచి పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుంది. లోవ గడ్డం దాకా కాలువలో ఉంది.

"అమ్మా, లోపల చల్లగా ఉంది. ఇంకా లోపలికెళ్తాను."

"సరేనమ్మా" అంది నూకరత్నం.

పిల్ల ముక్కు దాకా మునిగింది. జుట్టు నీళ్ల మీద విచ్చుకుంది. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. చెంపకు ఏదో గట్టిగా గీసుకుంది. చూస్తే ముడి. ఇది ఎందుకు వేశానబ్బా అనుకుంది, నానబోసిన మినప్పప్పు గుర్తొచ్చినంత తీరిగ్గా. లోవను తీసుకుని బస్సెక్కాలి. అది ఎవరో పొరుగావిడ చెప్పిన పనిలా అనిపించింది. అయినా ముడి వేశాక పని చేయాలి కదా. ఆమె చీరతోనే మెట్లు దిగి, నీళ్లలోకి వెళ్లి, విచ్చుకున్న ఆ జుట్టు గుప్పిట పట్టి పైకి లాగింది. పిల్ల దగ్గుతూ నవ్వింది.

ఇంటికి వచ్చి తడిబట్టలు మార్చుకున్నారు. వీర్రాజు వాకిట్లో పెద్ద మొక్క కింద కూర్చుని ఉన్నాడు. సగం కట్టిన అంటు ఒళ్లో ఉంది, చాకు తుప్పు పట్టింది. సంచి చీల్చుకుని వచ్చిన వేళ్లు, దారపు పోగుల్లాంటివి, అతని పాదం మీద నుంచి పాకి ఉన్నాయి.

గోదావరి అవతల తన అక్క సత్యవేణి ఊరికి వెళ్తున్నామని నూకరత్నం చెప్పింది. వస్తారా అని అడిగింది. మీరెళ్లండి, నేను కాసేపు కూకుంటాను అన్నాడు. అన్నం తింటారా అంది. ఆకలి లేదన్నాడు. సరేనని, చెంబుతో నీళ్లు పక్కన పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరకు నడిచింది. వెనక్కి తిరిగి చూడాలని అనిపించలేదు.

బస్సు జామతోటలు దాటి గోదావరి వంతెన ఎక్కింది. కిటికీ నిండా నీళ్లు. లోవ ఆ నీళ్లను చూసింది. ముందు మాట ఆగింది. తర్వాత వేళ్లు తల్లి చేతిలోకి దిగాయి. గోళ్లు గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆ తర్వాత పిల్ల పెట్టిన కేకకు డ్రైవరు బస్సు నెమ్మది చేశాడు. నూకరత్నం ఆ తలను గుండెలకు అదుముకుని, అరువమ్మా, గట్టిగా అరువు, అంటూ తనూ ఏడ్చింది. వణికే ఒళ్లు చేతుల్లో ఎంత బరువుగా, ఎంత బతికి ఉందో అప్పుడు తెలిసింది. నాలుగు నెలల కిందట ఈ వణుకు పోతే చాలని డాక్టర్ కాళ్ల మీద పడింది. ఇప్పుడు దాన్ని తనే చేయి పట్టుకుని పిల్లకు తిరిగి తెచ్చి ఇచ్చింది.

ఆమె పెదాలు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. చాకు జారి నరం తెగొచ్చు. తుప్పు పట్టిన చాకు. మోటారు స్విచ్చు. పాము. పాదం మీది వేళ్లు.

అక్కడ ఆగిపోయింది. కొంగు తీసి చూసుకుంది. ముడి ఒక్కటే ఉంది. రోడ్డు పక్కన, బస్సు వస్తుంటే, లోవ పేరే తలుచుకుంది. అతని పేరు తలుచుకోవడం మిగిలిపోయింది.

ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక వీర్రాజు ఎత్తాడు. గొంతు పొడిబారి ఉంది గానీ హాయిగా ఉంది. లేవండి, మీకు పుణ్యముంటుంది, లేచి వీధి చివరికి నడవండి, ఆ గాలి దాటితే చాలు అని చెప్పింది. చెంబులో నీళ్లైనా తాగమంది. తాగుతాలే అన్నాడు. మళ్లీ అడిగితే, చెంబు ఎక్కడుందో చూడాలన్నాడు.

"భయమేస్తందా రత్నం?" అని అడిగాడు. ఏడుపులోనే అవునంది. అతను నవ్వాడు, పాత నవ్వే. "నా వంతు కూడా నువ్వే పడు మరి. నాకింక పనేవుంది."

బస్సులోంచే ఫోన్ చేసి రమ్మంటే, అవతలి ఒడ్డున బస్టాండులో అక్క సత్యవేణి ఎదురొచ్చింది. సంగతంతా విని, పోలీసులకు చెబుదాం, పెద్దాసుపత్రికి చెబుదాం అంది. చెప్పమంది నూకరత్నం. ఎవరు వెళ్లినా ముక్కుకు తడిగుడ్డలు కట్టుకోమను, గుడ్డ ఎంతసేపు ఆపుతుందో తెలీదను. వాళ్లు నమ్మి కదిలేసరికి ఆయన ఉండరు, అంది. వెనక్కి వెళ్లే బస్సు ఇంజను అప్పటికే మోగుతోంది.

లోవ సత్యవేణి కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది. దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి, మాట లేదు. నూకరత్నం బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, మొగుడి పేరు ఎప్పుడూ పైకి అనని మనిషి, పైకే అంటూ ముడి వేసింది. వీర్రాజు. పళ్లతో బిగించింది. ఇంకేమైనా మరిచిపోయానా అని వెతుక్కుంది.

అప్పుడు లోవ వచ్చింది. ఆ కొంగు చివర తన చేతుల్లోకి తీసుకుంది. వణికే వేళ్లతో, రెండుసార్లు జారిపోతే మూడోసారి పట్టుబట్టి, తన తల్లి కోసం ఒక ముడి వేసింది.